గేటు వేయాల్సింది రైలే

రైల్వే గేటు దగ్గర ఘోరం జరిగిన ప్రతిసారీ ముందుగా వెలువడే ఆదేశం మారదు. గేట్‌మన్ సస్పెన్షన్. 2025 జూలై 8న తమిళనాడులోని కడలూరు జిల్లా సెమ్మంకుప్పం దగ్గర స్కూలు వ్యాన్‌ను ప్యాసింజర్ రైలు ఢీకొట్టి ముగ్గురు పిల్లలు చనిపోయినప్పుడూ అదే జరిగింది. గేట్‌మన్ మీద వేటు పడింది, కేసు నమోదైంది, అరెస్టు కూడా అయింది. ఆ తర్వాత రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ గేట్ల దగ్గర సీసీ కెమెరాలు పెట్టమన్నారు, ఇంటర్‌లాకింగ్ (గేటు పడితే తప్ప రైలుకు పచ్చ సిగ్నల్ రాని ఏర్పాటు) పనులు వేగంగా చేయమన్నారు. కెమెరా పెట్టడాన్ని ఎవరూ కాదనరు. అయితే కెమెరా చేసే పని ప్రమాదం ఎలా జరిగిందో తర్వాత చూపించడం. పిల్లల వ్యాన్ పట్టాల మీదికి ఎక్కుతున్న క్షణంలో అది చేయగలిగింది ఏమీ లేదు.

ఆ గేట్‌మన్ తప్పు లేదని వాదించడానికి ఇది రాయడం లేదు. ఒక మనిషి ఒక్క నిమిషం ఏమరుపాటుకు పసిపిల్లల ప్రాణాలు పోయే ఏర్పాటును ఇన్నేళ్లుగా ఎందుకు మోస్తున్నామన్నది నా ప్రశ్న. గేటు వేసే పని మనిషి చేతి నుంచి తీసేసి రైలుకే అప్పజెప్పాలి. వస్తున్న రైలే గేటు దించాలి, పోయిన రైలే గేటు ఎత్తాలి. ఈ పని కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో మిగిలిన గేట్లతోనే మొదలుకావాలని అడగడానికి మనకు హక్కుంది, కారణాలూ ఉన్నాయి.

కాపలా లేని గేట్ల కథ అందరికీ తెలిసిందే. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేటలో స్కూలు బస్సును రైలు ఢీకొట్టింది. 2018 ఏప్రిల్ 26న ఉత్తరప్రదేశ్‌లోని కుషీనగర్‌లో 13 మంది పిల్లలు పోయారు. దేశమంతా కన్నీరు పెట్టుకున్నాక పని పరుగెత్తింది. 2019 జనవరి చివరికి బ్రాడ్‌గేజ్ లైన్లలో కాపలా లేని గేటు అన్నదే లేకుండా చేశారు. అది నిజంగా పెద్ద విజయం. అయితే ఆ విజయంతో ఒక భ్రమ కూడా వచ్చింది: కాపలా మనిషి ఉంటే చాలు, గేటు భద్రంగా ఉన్నట్టే అన్న భ్రమ. సెమ్మంకుప్పం గేటుకు కాపలా ఉంది. గేటు ఉంది, గది ఉంది, ఫోన్ ఉంది, రిజిస్టర్ ఉంది. అన్నీ ఉండగానే పిల్లలు పోయారు.

అసలు కాపలా గేటు ఎలా నడుస్తుందో ఒకసారి దగ్గరగా చూడాలి. ఇంటర్‌లాకింగ్ లేని గేటునే తీసుకుందాం. పక్క స్టేషన్‌ నుంచి బండి కదిలే ముందు స్టేషన్ మాస్టర్ గేటుకు ఫోన్ చేస్తాడు. గేటు గదిలో గంట మోగుతుంది. గేట్‌మన్ బండి నంబరు, వేళ రిజిస్టర్‌లో రాసుకుని బయటికొస్తాడు. ఆగని బైకులను చేత్తో ఆపి, హ్యాండిల్ తిప్పి రెండువైపులా కమ్మీలు దించుతాడు. తాళం వేసి మళ్లీ లోపలికెళ్లి ఫోన్‌లో ఒక ప్రైవేట్ నంబర్ చెబుతాడు. ఆ నంబర్ స్టేషన్ మాస్టర్ చెవిన పడిందంటే గేటు పడినట్టు లెక్క. స్టేషన్ మాస్టర్ కంటికి గేటు కనపడదు. డ్రైవర్‌కు దగ్గరికి వచ్చేదాకా కనపడదు. మధ్యలో ఉన్నదల్లా ఒక మాట. సెమ్మంకుప్పంలో గేటు వేయకుండానే ఆ నంబర్ చెప్పారన్నది ప్రాథమిక విచారణలో వచ్చిన ఆరోపణ. అదే నిజమైతే, ఇంకో వెయ్యి గేట్ల దగ్గర అలా జరగకుండా ఆపేది ఏమిటి? గేట్‌మన్ మంచితనం, అతని ఓపిక, ఆ రాత్రి అతను ఎంత నిద్రపోయాడన్నది. చాలా గేట్ల దగ్గర ఈ రోజుకీ పన్నెండు గంటల డ్యూటీ. చుట్టూ ఊరు లేదు, పక్కన మాట్లాడే మనిషి లేడు. మే నెలలో తాడిపత్రి దగ్గర రేకుల కప్పు కింద పగలంతా కూర్చున్న మనిషిని, తెల్లవారుజామున మూడున్నరకు వచ్చే గూడ్సుకు కూడా అంతే చురుగ్గా లేవమని అడుగుతున్నాం.

దేశంలో దాదాపు పదిహేడు వేల కాపలా గేట్లు ఉన్నాయి. అందులో మూడింట రెండు వంతుల దాకా ఇంటర్‌లాకింగ్ అయినవే. ఇంటర్‌లాకింగ్ అంటే గేటు పడి తాళం పడితే తప్ప రైలుకు పచ్చ సిగ్నల్ రాదు. గేటు తెరిచి ఉంటే సిగ్నల్ ఎర్రగానే ఉంటుంది, డ్రైవర్ ఆగి తీరాలి. మనిషి మరిచిపోయినా యంత్రం మరిచిపోదు. రైల్వే వాళ్లు సరిగ్గా ఇక్కడే ఆగిపోయి, 'అన్ని గేట్లకూ ఇంటర్‌లాకింగ్ పెడితే సమస్య తీరినట్టే' అంటున్నారు. తీరదు. రైలు వైపు సమస్య తీరుతుంది, రోడ్డు వైపు సమస్య ఇంకాస్త ముదురుతుంది.

ఎలాగంటే, వేగంగా వచ్చే రైలుకు ఎర్ర సిగ్నల్ కనబడితే అది ఆగడానికి కిలోమీటరు పైనే పడుతుంది. కాబట్టి రైలు చాలా దూరంలో ఉండగానే సిగ్నల్ పచ్చగా ఉండాలి. దానికంటే ముందే గేటు పడి ఉండాలి. ఆ 'ముందే' ఎంత ముందు అన్నది ఇప్పుడు తేల్చేది రైలు వేగం కాదు, పక్క స్టేషన్ నుంచి వచ్చే కబురు. మన లైన్లలో స్టేషన్‌కూ స్టేషన్‌కూ మధ్య ఎనిమిది, పది కిలోమీటర్లు ఉంటుంది. వందేభారత్ అయితే ఆ దూరం ఐదు నిమిషాల్లోపే దాటేస్తుంది. బొగ్గుతోనో సిమెంటుతోనో నిండిన గూడ్సు గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వస్తే పది కిలోమీటర్లకు పదిహేను నిమిషాలు. రెండింటికీ గేటు ఒకే కబురుతో పడుతుంది. డబుల్ లైను పడ్డాక ఒక బండి పోయిందో లేదో ఎదురు బండి కబురు వస్తుంది, గేటు ఎత్తడానికి వీలుండదు. అలా ఇరవై నిమిషాలు, ఇరవై ఐదు నిమిషాలు.

గుత్తి నుంచి తాడిపత్రి, ముద్దనూరు, ఎర్రగుంట్ల మీదుగా కడపకు పోయే దారిలో గేటు పడ్డ రోడ్డు మీద పది నిమిషాలు నిలబడితే చాలు, మిగతా కథ అర్థమవుతుంది. ముందు వరుసలో సిమెంటు లారీ, దాని వెనక పల్లెవెలుగు బస్సు, ఇంకో పక్క నుంచి దూరి వచ్చి ఎదురుదారిని కూడా మూసేసిన రెండు ఆటోలు. "ఎంతసేపు పడ్తాదన్నా?" అని ఎవరో అడుగుతారు. "తెలీదబ్బీ, అవతల స్టేషన్‌లో ఇంగా ఎత్తుకోలేదంట" అని గేటు గది గుమ్మంలోంచి జవాబు. అంతే, అప్పటిదాకా ఓపిగ్గా ఉన్న కుర్రాడు బైకు స్టాండు తీస్తాడు. హ్యాండిల్‌ను ఒక వైపు వంచి, బండిని దాదాపు నేలకు పడుకోబెట్టి, కమ్మీ కింద నుంచి లాగి అవతలికి తీసుకెళ్తాడు. వెనకాల కూర్చున్న ఆడమనిషి చంటిబిడ్డను చంకనేసుకుని వంగి దూరుతుంది. పట్టాల మధ్య కంకరలో బైకు చక్రం ఇరుక్కుంటుంది, ఇద్దరు ముగ్గురు చేయి వేసి లేపుతారు. చూస్తున్న వాళ్లలో ఒక్కరు కూడా అరవరు. ఎందుకంటే రైలు ఇప్పుడప్పుడే రాదని అక్కడున్న అందరికీ తెలుసు. రోజూ చూస్తున్నదే కదా.

ఈ అలవాటును నిర్లక్ష్యం అని తిట్టడం తేలిక. రైల్వే చట్టం 160వ సెక్షన్ ప్రకారం గేటు తెరిస్తే మూడేళ్లు, విరగ్గొడితే ఐదేళ్ల దాకా జైలు. ఆ బోర్డు గేటు పక్కనే ఉంటుంది. నా ఉద్దేశంలో మాత్రం ఆ కుర్రాడికి ఆ పాఠం నేర్పింది గేటే. గేటు పడినా రైలు పదిహేను నిమిషాల దాకా రాదని వందసార్లు చూపించింది. నూటొకటోసారి ఒకటిన్నర నిమిషంలోనే రైలొస్తే ఆ కుర్రాడికి తెలిసే దారి లేదు. పడిన గేటుకు అర్థం 'రైలు వస్తోంది' అని ఉండాల్సింది పోయి, 'ఎప్పుడో వస్తుంది' అని అయిపోయింది. ఇక గేటు పడేలోపే దూరిపోదామని లారీవాడు తొందరపడితే కమ్మీ విరుగుతుంది. ఇంటర్‌లాకింగ్ ఉన్న గేటు కమ్మీ విరిగిందంటే సిగ్నల్ పచ్చగా మారదు. వచ్చిన ప్రతి బండీ గేటు సిగ్నల్ దగ్గర ఆగి, పగలైతే ఒక నిమిషం, రాత్రయితే రెండు నిమిషాలు చూసి, ఆ తర్వాత మెల్లగా గేటు దాకా వచ్చి, గేట్‌మన్ చేతి సిగ్నల్ చూసుకుని పోవాలి. రోడ్డు వాడి ఓపిక నశిస్తే రైలుకూ ఆలస్యమే. ఈ రెండూ వేర్వేరు సమస్యలు కావు. గేటు ఎంతసేపు పడి ఉంటుందన్నది భద్రతకు సంబంధించిన విషయమే తప్ప, జనం సౌకర్యానికి సంబంధించిన చిల్లర విషయం కాదు.

ఇక్కడే రైలు తనంతట తానే గేటు వేసే పద్ధతి రంగంలోకి వస్తుంది. ఇదేమీ నిన్నమొన్నటి విద్య కాదు. మద్రాసు నుంచి మన కడప, గుత్తి, గుంతకల్, ఆదోని మీదుగా వచ్చిన లైను 1871లో రాయచూరు దగ్గర బొంబాయి లైనుతో కలిసింది. ఆ మరుసటి ఏడాదే, 1872లో, అమెరికాలో విలియం రాబిన్సన్ అనే ఇంజినీరు ట్రాక్ సర్క్యూట్‌కు పేటెంట్ తీసుకున్నాడు. అందులో ఉన్న ఉపాయం ఎంత అందమైనదంటే, అది తెలుసుకున్న దగ్గర్నుంచి నాకు పట్టాలను చూసే చూపే మారింది. లైనులో కొంత దూరాన్ని మిగతా పట్టాల నుంచి విడదీసి, ఒక చివర చిన్న బ్యాటరీతో కొద్దిపాటి కరెంటు పంపుతారు. ఒక పట్టా మీద వెళ్లి, రెండో చివర ఉన్న రిలేను (కరెంటుతో పనిచేసే చిన్న స్విచ్చును) తాకి, రెండో పట్టా మీద తిరిగొస్తుంది. కరెంటు తిరుగుతున్నంతసేపూ రిలే లేచి ఉంటుంది. అంటే లైను ఖాళీ. రైలు ఆ ముక్కలోకి అడుగుపెట్టగానే దాని ఇనుప చక్రాలు, ఇరుసు రెండు పట్టాలనూ కలిపేస్తాయి. కరెంటు రిలే దాకా పోకుండా దారిలోనే తిరిగి వచ్చేస్తుంది. రిలే పడిపోతుంది. పడిపోయిన రిలే గంట మోగించి, ఎర్రదీపాలు వెలిగించి, గేటు దించుతుంది. చివరి చక్రం దాటాక రిలే మళ్లీ లేస్తుంది, గేటు లేస్తుంది.

దీని గొప్పతనం రైలును పసిగట్టడంలో కంటే పాడైపోయినప్పుడు ఏం చేస్తుందన్న దాంట్లో ఉంది. బ్యాటరీ అయిపోయిందా, రిలే పడిపోతుంది. తీగ తెగిందా, రిలే పడిపోతుంది. పట్టా పూర్తిగా విరిగిందా, అప్పుడూ రిలే పడిపోతుంది. రిలే పడిందంటే గేటు పడుతుంది. ఇలాంటి ఏ తప్పు జరిగినా గేటు వైపుకే తప్పు జరుగుతుంది, మనిషి ప్రాణం వైపుకు జరగదు. ఇప్పుడు దీన్ని మన ఫోన్ పద్ధతితో పక్కపక్కన పెట్టి చూడండి. ఫోన్ పాడైతే, గేట్‌మన్ కునికితే, నంబర్ తప్పు చెబితే గేటు తెరిచే ఉంటుంది. అంటే మనం ఇన్నేళ్లుగా నడుపుతున్నది పొరపాటు జరిగితే మనిషిని చంపే పద్ధతి, పక్కన పెట్టుకున్నది పొరపాటు జరిగితే మనిషిని ఆపే పద్ధతి. ఈ ఒక్క తేడా కోసమైనా నేను ఈ వాదనను వదిలిపెట్టను.

'మరి రైళ్ల వేగాలు రకరకాలు కదా, గేటు ఎప్పుడు పడాలో ఎలా తెలుస్తుంది' అని అడగొచ్చు. లెక్క వేద్దాం. 2022 నుంచి రేణిగుంట, గుంతకల్, వాడి మార్గంలో గరిష్ఠ వేగం 130 కిలోమీటర్లు. ఆ వేగంతో కిలోమీటరుకు 28 సెకన్లు పడుతుంది. గేటుకు నాలుగు కిలోమీటర్ల అవతల రైలును పసిగట్టారనుకుందాం. ఎక్స్‌ప్రెస్ గేటు చేరడానికి రెండు నిమిషాలకు కొంచెం తక్కువ. గేటు పడటానికి, పట్టాల మీద ఎవరైనా ఇరుక్కుంటే గమనించి రైలును ఆపడానికి ఆ వ్యవధి సరిపోతుంది. అదే దూరం 40 కిలోమీటర్ల గూడ్సుకు ఆరు నిమిషాలు. అందుకే ఒకే చోట పసిగట్టి ఊరుకోకుండా వేగాన్ని కూడా కొలవాలి. మెల్లగా వచ్చే బండికి గేటు ఆలస్యంగా, వేగంగా వచ్చే బండికి ముందుగా పడాలి. వచ్చే రైలు వేగాన్ని బట్టి, అన్నిటికీ ఒకే వ్యవధి ఇచ్చే పరికరాలను అమెరికన్లు 1960ల నుంచే వాడుతున్నారు. అక్కడ నిబంధన ప్రకారం రైలు రావడానికి కనీసం 20 సెకన్ల ముందు హెచ్చరిక మొదలుకావాలి. మనకు 20 సెకన్లు చాలవు. మన రోడ్ల మీద ఎడ్లబండ్లు, గొర్రెల మందలు, ఓవర్‌లోడ్ ట్రాక్టర్లు ఉన్నాయి. రెండు మూడు నిమిషాలు పెట్టుకుందాం. ఇవాళ పదిహేను, ఇరవై నిమిషాలు ఆగుతున్న జనానికి మూడు నిమిషాలంటే ఎంత తేడా! గేటు పడిన మూడు నిమిషాల్లో రైలు నిజంగా కళ్ల ముందు నుంచి పోతుందని తెలిస్తే, కమ్మీ కింద దూరే చేతులు వాటంతటవే ఆగుతాయి. జైలు బోర్డు నేర్పలేనిది మూడు నిమిషాల నమ్మకం నేర్పుతుంది.

జపాన్‌లో ముప్పై వేలకు పైగా లెవెల్ క్రాసింగ్‌లు ఉన్నాయి. వాటిలో అత్యధికం ఇలా రైలే గేటు వేసేవి. చాలా చోట్ల పట్టాల మీద కారు ఇరుక్కుంటే పసిగట్టే పరికరాలుంటాయి. దారిన పోయేవాడైనా నొక్కి రైలును హెచ్చరించే ఎర్ర బటన్ ఉంటుంది. రైళ్లు, జనం రెండూ కిక్కిరిసిన దేశమే అది. అక్కడ అవుతున్నది ఇక్కడ కాదనడానికి నాకు కారణం కనపడలేదు.

ఇంకో మాట. మనం మొదటి నుంచి మొదలుపెట్టాల్సిన పని కూడా లేదు. ట్రాక్ సర్క్యూట్‌లు మన ప్రతి పెద్ద స్టేషన్ యార్డులో ఉన్నాయి. ఎన్ని ఇరుసులు లోపలికి వెళ్లాయో, ఎన్ని బయటికి వచ్చాయో లెక్కపెట్టి లైను ఖాళీ అయిందో లేదో చెప్పే యాక్సిల్ కౌంటర్లు మన లైన్లలో పనిచేస్తున్నాయి. ఇంజిన్లకు ఉపగ్రహాలతో అనుసంధానమైన పరికరాలు బిగించి, రైలు ఎక్కడుందో 30 సెకన్లకోసారి కంట్రోల్ రూమ్‌కు పంపే ఏర్పాటు వచ్చింది. అన్నిటికంటే ముఖ్యమైనది కవచ్, రైళ్లు ఢీకొనకుండా తనంతట తానే బ్రేకులు వేసే భద్రతా వ్యవస్థ. దక్షిణ మధ్య రైల్వేలో మన్మాడ్, ముద్ఖేడ్, డోన్, గుంతకల్ మార్గంలో కవచ్ పెట్టారు. గద్వాల నుంచి కర్నూలు మీదుగా డోన్‌కు వచ్చే లైను అందులోదే. కవచ్‌లో ఇంజిన్, పట్టాలు, స్టేషన్ రేడియోలో మాట్లాడుకుంటాయి. లెవెల్ క్రాసింగ్ దగ్గరికి వస్తున్నప్పుడు ఇంజిన్ తనంతట తానే విజిల్ వేసే ఏర్పాటు కూడా అందులో ఉంది. అంటే రైలుకు గేటు ఎక్కడుందో తెలుసు, తన వేగం తెలుసు, ఎంతసేపట్లో చేరుతుందో తెలుసు. అన్నీ తెలిసిన రైలు విజిల్ మాత్రమే వేయగలదు, గేటు వేయలేదు. కర్నూలు జిల్లా పల్లెలో ఒక రైతు చేతిలోని ఫోన్ కాచిగూడ-యశ్వంతపూర్ వందేభారత్ ఎక్కడుందో చూపిస్తుంది. అదే ఊరి గేటు గదిలో గేట్‌మన్ ఇంకా గంట మోగడం కోసం ఎదురుచూస్తుంటాడు.

దీనికి వ్యతిరేకంగా చెప్పేవాళ్ల దగ్గర గట్టి మాటలే ఉన్నాయి. 2015 ఆగస్టు 24న అర్ధరాత్రి దాటాక పెనుకొండ దగ్గర మడకశిర గేటు వేసే ఉంది. అయినా గ్రానైట్ లారీ గేటును విరగ్గొట్టుకుని వచ్చి బెంగళూరు-నాందేడ్ ఎక్స్‌ప్రెస్‌లోకి దూసుకెళ్లింది. కర్ణాటకలోని దేవదుర్గ ఎమ్మెల్యే వెంకటేశ్ నాయక్ సహా పలువురు చనిపోయారు. గేటు ఎవరు వేస్తేనేం, లారీ ఆగనప్పుడు అంటారు. ఇంగ్లండులో 1961 నుంచి ఆటోమేటిక్ సగం గేట్లు (రోడ్డుకు సగం మేరకే అడ్డుపడేవి) పెడితే, 1968 జనవరి 6న హిక్సన్ అనే చోట 120 టన్నుల ట్రాన్స్‌ఫార్మర్ మోస్తున్న వాహనం మెల్లగా పట్టాలు దాటుతుండగా గేటు పడి, రైలొచ్చి 11 మంది పోయారని గుర్తుచేస్తారు. గేట్లు బాగుచేయడం కన్నా తీసేసి ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు కట్టాలంటారు. రైల్వే భద్రత మీద వేసిన అనిల్ కాకోద్కర్ కమిటీ 2012లో చెప్పిందీ అదే: అన్ని లెవెల్ క్రాసింగ్‌లనూ ఐదేళ్లలో తొలగించాలని, దానికి 50,000 కోట్లు అవుతుందని.

బ్రేకులు పనిచేయని లారీని ఆపే గేటు ప్రపంచంలో ఎక్కడా లేదు. అది ఓవర్‌లోడ్‌ను చూసీచూడనట్టు వదిలేసే చెక్‌పోస్టుల పాపం, గేటు వైపుకు రోడ్డును ఏటవాలుగా వేసిన వాళ్ల పాపం. హిక్సన్ విషయంలో నా మాట వేరు. ఆ ప్రమాదం నేర్పింది ఆటోమేటిక్ గేటు వద్దని కాదు, మెల్లగా పోయే భారీ వాహనాలకు దారి అడిగే ఏర్పాటు ఉండాలని. ఆ తర్వాత అక్కడ గేట్ల దగ్గర ఫోన్లు, పెద్ద బోర్డులు వచ్చాయి. మన దగ్గర ఇంకా మంచి ఉపాయం ఉంది: గేట్‌మన్‌ను అక్కడే ఉంచడం. గేటు వేసేది రైలు, అవసరమైతే రైలును ఆపేది మనిషి. అతని చేతిలో హ్యాండిల్‌కు బదులు ఎర్ర బటన్ ఉంటుంది. ట్రాక్టర్ ఇరుక్కుందా, గొర్రెలు చెదిరాయా, బటన్ నొక్కితే సిగ్నల్ ఎర్రగా మారుతుంది, కవచ్ ఉన్న చోట బ్రేకులు పడతాయి. ఒక్కడి ఉద్యోగం కూడా పోదు. పైగా మనిషికి మనిషి చేయగల పని దొరుకుతుంది, చూడటం, అంచనా వేయడం, ఆపడం. యంత్రం చేయాల్సిన పనిని మనిషి మీద మోపి, తప్పిపోయినప్పుడు అతన్ని జైలుకు పంపడం నాకు న్యాయంగా అనిపించదు.

ఫ్లైఓవర్ల సంగతి మాత్రం సీమలో పుట్టినవాళ్లకు వేరే చెప్పాలా? రైల్వే తన వంతుగా పట్టాల మీద వంతెన ముక్క కట్టేసి వెళ్లిపోతుంది. రెండు పక్కలా ఎక్కే దారి రాష్ట్రం వేయాలి. భూసేకరణ, నిధులు, కోర్టు, కాంట్రాక్టర్ అంటూ ఏళ్లు గడుస్తాయి. అండర్‌పాస్‌లు కట్టారు, మంచిదే. ఏడాదంతా చినుకు కోసం ఎదురుచూసే ఊళ్లో ఒక్క గట్టి వాన పడితే అండర్‌పాస్ చెరువవుతుంది, బడికి పోయే పిల్లలు మళ్లీ పట్టాలెక్కి దాటుతారు. సెమ్మంకుప్పంలోనూ గేటు తీసేసి సబ్‌వే కట్టాలని రైల్వే అనుకుంది. జిల్లా అధికారుల అనుమతి ఏడాదిగా రాలేదని రైల్వేయే ప్రకటించింది. వంతెన వచ్చేదాకా గేటును బాగుచేయరు, గేటు ఉంది కదా అని వంతెనకు తొందరపడరు. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్నట్టుంది మన పరిస్థితి.

అసలు ఏ గేటుకు ఏ మర్యాద దక్కాలో రైల్వే ఎలా తేలుస్తుందో తెలిస్తే ఈ వాదన ఎక్కడికి పోవాలో తెలుస్తుంది. రోజుకు పోయే రైళ్ల సంఖ్యను, గేటు దాటే వాహనాల యూనిట్లతో గుణిస్తారు. దాన్నే టీవీయూ (ట్రెయిన్ వెహికల్ యూనిట్లు) అంటారు. 50 రైళ్లు, 200 వాహనాలైతే 10,000. లక్ష దాటితే రాష్ట్రంతో సగం సగం ఖర్చు పంచుకుని వంతెనకు అర్హత. ఇంటర్‌లాకింగ్‌కు కొలబద్దగా వాడుతూ వచ్చిందీ ఈ లెక్కే. ఇందులో లారీ ఒక యూనిట్, ఎడ్లబండి ఒక యూనిట్, ఆటో అర యూనిట్. ఆటోలో సీమ పల్లెల్లో ఎంతమంది ఎక్కుతారో తెలిసిన వాళ్లెవరూ ఆ అర యూనిట్ రాసి ఉండరు. నడిచి దాటే కూలీకి, నెత్తిన గడ్డిమోపు పెట్టుకున్న ఆమెకు, బడిపిల్లకు ఆ లెక్కలో చోటే లేదు. అరవై మంది కూలీలు పొద్దున్నే కడ్లకాయ పీకడానికి గేటు దాటి పోతే టీవీయూ సున్నా.

నాకు ఈ అన్యాయం రైల్వే గేటు దగ్గరే కాదు, సీమ మొత్తం మీద కనపడుతుంది. మన నేల మీదుగా ఏమేం పోతున్నాయో చూడండి. ముంబై నుంచి చెన్నైకి, హైదరాబాద్ నుంచి బెంగళూరుకు పోయే రైళ్లు చాలావరకు మన మీదుగానే. తాడిపత్రి, ఎర్రగుంట్ల సిమెంటు మన లైను మీదే. రాయలసీమ థర్మల్ ప్లాంటుకు బొగ్గు మన లైను మీదే. 2019లో వెంకటాచలం, ఓబులవారిపల్లె లైను తెరిచాక కృష్ణపట్నం రేవు సరుకుకు మన లైనే దగ్గరి దారి అయింది. దేశానికి సీమ ఒక దారి. ఆ దారికి అడ్డంగా మా పొలాలు, మా బడులు, మా ఆస్పత్రులు ఉన్నాయన్నది ఎవరి లెక్కలోకీ రాదు. కొత్త రైల్వే జోన్ ప్రకటించినప్పుడు గుంతకల్‌ను కేంద్రం చేయాలని అడిగాం, విశాఖ అన్నారు. సరే. కానీ జోన్ ఎక్కడున్నా బండ్లు ఇక్కడే తిరుగుతాయి కదా. పురిటినొప్పులతో ఉన్న ఆడకూతురిని తీసుకొస్తున్న 108 గేటు దగ్గర ఆగిన ఇరవై నిమిషాలను రైల్వే ఏ రిజిస్టర్‌లో రాస్తుంది? ఎక్స్‌ప్రెస్ పది నిమిషాలు ఆలస్యమైతే వివరణ రాయాలి, సంతకం పెట్టాలి, ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. రోడ్డు మీద మూడు వందల మంది ఇరవై నిమిషాలు నిలబడితే ఎవరూ ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. నీళ్ల దగ్గర, కరెంటు దగ్గర, హైకోర్టు బెంచి దగ్గర ఏళ్లుగా సీమ వాళ్లను ఆగమన్నారు. ఆగడం మా గుణం అనుకున్నట్టున్నారు. మా సమయాన్ని కొలవడం మొదలుపెడితే తప్ప మాకు న్యాయం జరగదు, గేటైనా కాలువైనా.

అందుకే అడగాల్సింది స్పష్టంగా అడగాలి. కర్నూలు హైదరాబాద్ డివిజన్‌లో ఉంది, డోన్, అనంతపురం, కడప గుంతకల్ డివిజన్‌లో ఉన్నాయి. ఈ రెండు డివిజన్లలో సీమ జిల్లాల్లో ఇంకా ఇంటర్‌లాకింగ్ లేని గేట్లు ఎన్ని, ఒక్కొక్కటి రోజుకు సగటున ఎన్ని నిమిషాలు పడి ఉంటోంది, ఏ గేటు కమ్మీ ఏడాదిలో ఎన్నిసార్లు విరిగింది, ఈ జాబితాను మన ఎంపీలు పార్లమెంటులో అడిగి బయటపెట్టించాలి. రైలు ఆగే స్టేషన్ల కోసం, కొత్త రైళ్ల కోసం వినతిపత్రాలు ఇవ్వడంలో మనవాళ్లు వెనకబడరు. గేటు కోసం కూడా ఒకటి ఇవ్వాలి. గేట్‌మన్‌లందరికీ ఎనిమిది గంటల డ్యూటీ అన్నది దానితో పాటే రావాలి, ఎందుకంటే ఎర్ర బటన్ మీద చేయి ఉన్న మనిషి మెలకువగా ఉండాలి.

కర్నూలు, డోన్ మధ్య కవచ్ ఉంది కాబట్టి మొదటి గేటు అక్కడే ఎంచుకోవచ్చు. రెండోది ఎర్రగుంట్ల, ముద్దనూరు వైపు గూడ్సులు ఎక్కువగా తిరిగే చోట ఉండాలి, మెల్లగా వచ్చే బండికీ వేగంగా వచ్చే బండికీ గేటు ఎలా పడుతుందో అక్కడే తేలుతుంది. రైలే గేటు వేసే ఏర్పాటు పెట్టి, మొదటి కొన్ని నెలలు పాత ఫోన్ పద్ధతిని కూడా పక్కనే నడపాలి. గేటు మీద రైలు రావడానికి ఎన్ని నిమిషాలుందో చూపించే బోర్డు ఒకటి తెలుగులో పెట్టాలి. ఆ రోజు గేటు ఎన్నిసార్లు పడింది, ఎంతసేపు పడి ఉంది, ఎన్నిసార్లు విరిగింది, ఎన్నిసార్లు ఎర్ర బటన్ నొక్కారు అన్న లెక్కను ప్రతి సాయంత్రం గేటు గది గోడ మీద జనానికి కనపడేలా అతికించాలి.